పిప్పిపన్నుకు పదోన్నతి

పన్ను మీద నల్లచుక్క కనిపించగానే దంతవైద్యుడి దగ్గరకు పరుగెత్తే తొందరపాటు మనుషులు కొందరున్నారు. వాళ్ళ వల్ల ఆ పన్నుకు జరుగుతున్న అన్యాయం ఎవరికీ పట్టడం లేదు. పుచ్చు తొలిచి, రెజిన్ ముద్ద పెట్టి, నీలికాంతితో గట్టిపరచి పంపించేస్తారు. ఇక ఫిల్లింగ్ హోదాలోనే దాని ఉద్యోగం. ఎదుగుదల ఏదీ?

దూరదృష్టి గలవారు నాలుకను నమ్ముకుంటారు. అది గంటకోసారి గుంత అంచులు తడిమి వచ్చి, ‘నిన్నటిలాగే ఉంది’ అని నివేదిక సమర్పిస్తుంది. శరీరంలోకెల్లా గట్టిదైన పంటి పైపొర ఎనామెల్ ఒకసారి పోతే మళ్ళీ పుట్టదన్న వివరానికి ఆ నివేదికలో గడి లేదు.

తర్వాత నొప్పి. చల్లనీళ్ళు తగిలితే ప్రాణం జివ్వుమంటుంది. పిరికివాళ్ళు ఇక్కడ లొంగిపోతారు. నిబ్బరంగా రెండోవైపు నమిలేవారికి మాత్రం ఒక తెల్లవారుజామున నొప్పి మాయమవుతుంది. మాత్ర గొప్పదా, ఉప్పునీళ్ళు గొప్పవా అని ఇంట్లో చర్చ. లోపల నరం చచ్చిపోయిందని చెప్పి ఆ సంబరం చెడగొట్టడం భావ్యమా? చీము మాత్రం వేరు కొన దగ్గర చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది.

చెంప వాచిన రోజున ఉత్తర్వులు వస్తాయి. రూట్ కెనాల్‌లో గుజ్జు తీసేసి, ఆ ఖాళీని గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో నింపుతారు. మిగిలిన పన్నును చుట్టూ అరగదీసి క్యాప్ తొడుగుతారు. లోహమా, పింగాణీయా, జిర్కోనియానా అని మర్యాదగా అడుగుతారు కూడా. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకని పెద్దలు విసుక్కున్నారే గానీ, గొడ్డళ్ళు చేసేవాళ్ళ బతుకుతెరువు ఆలోచించారా?

పన్నే పీకించుకుంటే, పక్కపళ్ళ ఆసరాతో కట్టుడుపన్నును నిలిపే బ్రిడ్జి ఉంది. అందుకు అటూ ఇటూ ఉన్న పళ్ళు, ఏ పాపమూ ఎరగనివి, తామూ అరగదీయించుకుని భారం మోయాలి. ఇరుగుపొరుగంటే అలా ఉండాలి.

అన్నిటికీ మించిన పదవి ఇంప్లాంట్, అంటే దవడ ఎముకలో టైటానియం లోహపు మర బిగించి దాని మీద కట్టుడుపన్ను నిలపడం. టైటానియం ఎముకతో ఏకమవుతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ 1950ల్లో కుందేళ్ళ మీద ప్రయోగాల్లో గమనించి, 1965లో మనిషి దవడలో బిగించాడు. అంతటి పరిశోధనను ఆఫ్టరాల్ ఒక ఫిల్లింగ్‌తో కాలదన్నుకోవడం విజ్ఞానశాస్త్రాన్ని అవమానించడమే. పైగా ఇంప్లాంట్‌కు పుచ్చు పట్టదు.

ఒక్క నిబంధన మాత్రం సవరించాలి. చుట్టూ ఉన్న చిగురు చెడితే మర వదులవుతుందట, అందుకని దాన్నీ రోజూ శ్రద్ధగా తోముకోవాలట. ఆ బాధ తప్పుతుందనే కదా ఇంత దూరం వచ్చింది!