వేన్నీళ్ళపై అవగాహన సదస్సు

పల్లెటూళ్ళలో ఇంధనం ఆదా చేసే వేన్నీళ్ళ ఏర్పాట్లు ఎందుకు వ్యాపించడం లేదన్న ప్రశ్న మీద నేను ఇంతవరకూ చదివిన నివేదికలన్నింటిలోనూ జవాబు ఒక్కటే: గ్రామీణులలో అవగాహన లోపం. నివేదిక రాసేవారు మారతారు, అట్ట మీది బొమ్మ మారుతుంది, ఈ మూడు మాటలు మాత్రం మారవు. తప్పు సోలార్ పలకలది కాదట, బరువు మోయలేని పైకప్పుది కాదట, అమ్మేసి మళ్ళీ కనబడనివాడిది అసలే కాదట. తప్పంతా తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పెరట్లో పొయ్యి రాజేసి, ఇంటిల్లిపాదికీ స్నానాలకు నీళ్ళు కాచే ఆడమనిషిదట. వేడి గురించి ఆమెకు అవగాహన లేదట.

ఇంతమంది పెద్దలు ఏకగ్రీవంగా చెబుతున్న మాటను కాదనడానికి నేనెవరిని? అయినా అవగాహన ఉన్నవారికి ఏమేమి తెలుసో, లేనివారికి ఏమేమి తెలియదో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడడం న్యాయమనిపించి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ముందుగా ఉన్నవారి సంగతి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలో క్యాలరీ కావాలని వారికి తెలుసు. ఆ లెక్కన 20 లీటర్ల బకెట్టును 25 డిగ్రీలు వేడెక్కించడానికి 500 కిలో క్యాలరీలు, అంటే సుమారు 0.58 యూనిట్ల కరెంటు కావాలి. 1500 వాట్ల హీటరు రాడ్డు ముంచితే 23 నిమిషాల పని. అదే కట్టెలతో అయితే, బాగా ఎండిన కిలో కట్టెలో దాదాపు నాలుగున్నర యూనిట్ల వేడి ఉన్నా, మూడు రాళ్ళ పొయ్యి అందులో పది పదిహేను శాతానికి మించి కాగుకు అందనివ్వదు. మిగిలినది ఆకాశానికీ, పెరటి గోడకూ, కాచేవారి మొహానికీ పోతుంది. కాబట్టి ఒక్కో బకెట్టుకు కిలోకు పైగా కట్టెలు, నాలుగు బకెట్ల ఇంటికి రోజుకు సుమారు నాలుగున్నర కిలోలు, నెలకు 135 కిలోలు. ఇవన్నీ సదస్సులో తెర మీద రంగురంగుల స్తంభాలుగా కనిపిస్తాయి. 135 కిలోల స్తంభం అన్నింటికంటే పొడుగ్గా, ఎర్రగా ఉంటుంది. ఆ 135 కిలోలనూ ఏరి, కట్ట కట్టి, తల మీద మోసుకొచ్చిన మనిషికే ఆ స్తంభాన్ని చూపించి, చూశారా ఎంత ఎత్తుందో అని అడుగుతారు.

ఇక లేనివారి సంగతి. పెరటి పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మకు కిలో క్యాలరీ తెలియదు. పుల్లను మోకాలికి ఆనించి వంచినప్పుడు ఫట్టుమని విరిగితే ఎండినదనీ, విరగకుండా మెలి తిరిగితే అందులో తడి ఉందనీ, తడి పుల్ల ముందు తన చెమట ఆర్చుకుని ఆ తరువాతే మన పని చూస్తుందనీ మాత్రం తెలుసు. కాగు మీద మూత వేస్తే రెండు పుల్లలు మిగులుతాయని తెలుసు. ఆఖరి బకెట్టుకు కావలసిన వేడి నిప్పుల్లోనే ఉంటుంది కనుక మంటను అంతకు ముందే వెనక్కి లాగెయ్యాలని తెలుసు. అందరి స్నానాలూ అయ్యాక ఆ నివురు మీదే మరో కుండెడు చన్నీళ్ళు పెట్టి, గిన్నెలు తోముకునే వేళకు గోరువెచ్చగా చేసుకోవడమూ తెలుసు. ఇదే పని ఒక యంత్రం చేసి ఉంటే దానికి వ్యర్థోష్ణ పునర్వినియోగమని పేరు పెట్టి నివేదికలో ఒక అధ్యాయం కేటాయించేవారు. చేసినది ముసలమ్మ కాబట్టి దానిని అవగాహన లోపం అంటున్నారు.

సదస్సులో వక్త సోలార్ వాటర్ హీటరును పరిచయం చేసే తీరు వినసొంపుగా ఉంటుంది. దాని పేరుకు ముందు అత్యాధునికం అన్న మాట తప్పక పడుతుంది. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో క్లారెన్స్ కెంప్ అనే ఆయన, నల్ల రంగు పూసిన ట్యాంకులను అద్దం మూత గల పెట్టెలో ఉంచి ఎండకు నీళ్ళు కాచే పరికరానికి 1891లో పేటెంటు తీసుకున్నాడు. రాత్రికి ఆ నీళ్ళు చల్లారిపోతున్నాయని గమనించిన విలియం బెయిలీ, వేడి పట్టే పలకను వేరు చేసి, వేడి జారిపోకుండా పొదిగిన ట్యాంకును వేరే పెట్టి, 1909 నాటికే ఆ లోపాన్ని సరిదిద్దాడు. ఇజ్రాయెల్‌లో కొత్త ఇళ్ళకు సోలార్ హీటరు తప్పనిసరి అని 1980లోనే చట్టం చేశారు. అంటే ఈ అత్యాధునిక పరికరం పల్లెకు చేరడానికి నూట ముప్ఫై ఏళ్ళు దాటింది. ఈ ఆలస్యం ఎవరి అవగాహన లోపమో ఏ నివేదికలోనూ కనబడలేదు. బహుశా స్థలాభావం కావచ్చు.

ఒక నమూనా గృహం ప్రారంభోత్సవానికి నేను స్వయంగా వెళ్ళాను. నమూనా గృహాన్ని ఎంచుకోవడానికి శాస్త్రీయమైన పద్ధతి ఉంది: రోడ్డు పక్కన ఉండాలి, ఎదుట కార్లు తిరగడానికి స్థలం ఉండాలి, గోడకు కొత్తగా సున్నం వేసి ఉండాలి. ఆ మూడు గుణాలూ ఆ ఇంటికి ఉన్నాయి. పైన పలకలు, ట్యాంకు బిగించడం ముందు రోజు రాత్రి పూర్తయింది. తెల్లవారితే మబ్బు. సూర్యుడికి ఇంకా కబురు అందలేదన్నమాట. అయినా కార్యక్రమం ఆగలేదు, ఎందుకంటే ముఖ్య అతిథి ముందే వచ్చేశారు. ఆయన రిబ్బను కత్తిరించి, స్నానాల గదిలోకి కాదు, ఫొటోలకు వీలుగా వాకిట్లోకి లాగిన ప్రత్యేకమైన కొళాయి దగ్గరకు నడిచి, కెమెరా వైపు చూస్తూ దానిని తిప్పారు.

కొళాయి దగ్గింది. నీళ్ళు రాలేదు. మరోసారి తిప్పితే మరోసారి దగ్గింది. "గొట్టంలో గాలి పట్టింది సార్" అని బిగించిన కుర్రవాడు నిచ్చెన మీది నుంచి వినయంగా విన్నవించాడు. కాసేపటికి నీళ్ళు వచ్చాయి. వాకిట్లోకి లాగిన గొట్టం 20 మీటర్లకు తగ్గదు. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లు ఉన్న గొట్టంలో అంత పొడవునా దాదాపు మూడున్నర లీటర్ల నీళ్ళు నిలవ ఉంటాయి, ముందు అవే పడతాయి. ఆ తరువాత వచ్చినవి ట్యాంకులోవి గనుక కొంచెం ఎక్కువ చల్లగా ఉన్నాయి. ముఖ్య అతిథి చూపుడు వేలు పెట్టి, వెంటనే తీసి, ఆ వేలిని వెనక్కి దాచుకుని, నవ్వు చెదరకుండా అలాగే నిలబడ్డారు. అనుచరులలో ఒకరికి అప్పుడు సమయస్ఫూర్తి కలిగింది. ఆయన ఇంటి పక్క సందులో నుంచి పెరట్లోకి పరుగెత్తారు.

పెరట్లో ముసలమ్మ యథాప్రకారం పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతోంది. "అమ్మా, ఆ బకెట్టు ఒకసారి ఇస్తావా?" "మా మనవడి స్నానానికి తోడాను బాబూ." "ఒక్క అయిదు నిమిషాలు, మళ్ళీ తెచ్చిస్తాం." ఆ బకెట్టు వాకిట్లోకి వచ్చి కొళాయి కింద కూర్చుంది. ముఖ్య అతిథి ఈసారి ధైర్యంగా చేయి పెట్టి, అబ్బా అని తీసి, మైకులో ప్రకటించారు: "చూశారా! ఒక్క పుల్ల కాల్చలేదు, ఒక్క యూనిట్టు కరెంటు వాడలేదు, చెయ్యి పెట్టలేకుండా ఉన్నాయి!" చప్పట్లు మోగాయి. ఫొటో చాలా బాగా వచ్చింది. వెనుక ఇంటి కప్పు మీదుగా లేస్తున్న పొయ్యి పొగను కూడా ఫొటో కింది వ్యాఖ్యలో ఉదయపు మంచుగా వర్ణించారు. ఆ పిల్లవాడు మాత్రం ఆనాడు చన్నీళ్ళతో స్నానం చేసి బడికి వెళ్ళాడు. ఒక మంచి పథకానికి ఆ మాత్రం త్యాగం తప్పదు.

సోలార్ హీటరును నేను ఎగతాళి చేస్తున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. దానంత సాధువైన పరికరం మరొకటి లేదు. వేడెక్కిన నీళ్ళు తేలికై తమంతట తామే పైకి పోతాయి, చల్లనివి కిందికి దిగుతాయి, మోటారు అవసరమే లేదు. అందుకు ట్యాంకు పలకల కంటే ఎత్తున ఉండాలి, దానికి చన్నీళ్ళు అందించే ట్యాంకు ఇంకా ఎత్తున ఉండాలి. 200 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళ బరువే 200 కిలోలు. రేకుల కప్పు ఇంటికి ఈ మాట ఎవరు చెప్పాలి? హీట్ పంపు ఇంకా తెలివైనది: ఒక యూనిట్టు కరెంటు తిని, గాలిలోని వేడిని పోగుచేసి, సుమారు మూడు యూనిట్ల వేడిని నీళ్ళకు ఇస్తుంది. అయితే అది నింపాదిగా గంటల తరబడి పనిచేసే పెద్దమనిషి. వోల్టేజి సాయంత్రానికే సొమ్మసిల్లే ఊళ్ళో దాని కంప్రెసరు ఎన్నాళ్ళు బతుకుతుందో సదస్సులో ఎవరైనా లేచి అడిగితే, ప్రశ్నలకు చివర్లో సమయం కేటాయించామని చెబుతారు. చివర్లో భోజనాలు ఉంటాయి.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. ఇక నా వల్ల కాదు. ఇళ్ళలో కట్టెలు, బొగ్గు, కిరోసిన్ వంటివి కాల్చగా వచ్చే పొగతో 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో అయిదేళ్ళు నిండని పిల్లలే 2 లక్షల 37 వేల మందికి పైగా. ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది? సదస్సులో ముందు వరుస కుర్చీల్లో కూర్చున్న మగవారిలో ఒక్కరైనా ఏడాదిలో ఒక్క రోజు ఇంటికి నీళ్ళు కాచినవారున్నారా? సదస్సు పొద్దున్నే పెడతారు. ఆ వేళకు ఆమె పొయ్యి దగ్గర ఉంటుంది. సర్వే కాగితంలో ఇంటి యజమాని పేరు అడుగుతారు, నీళ్ళు కాచేదెవరని అడిగే గడి అందులో లేదు. కొళాయి ఎక్కడ ఉండాలో, పొద్దున్న ఎన్ని బకెట్లు ఒకేసారి కావాలో, ముసురు పట్టిన వారం రోజులు ఏం చేస్తావో ఆమెను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడగనివారు తామై ఉండి, అవగాహన లేనిది ఆమెకట! కళ్ళు మండి, దగ్గి దగ్గి, నడుము వంగి, ఆమె ముప్ఫై ఏళ్ళుగా నేర్చుకున్నదంతా లోపమట! సిగ్గుండాలి ఈ మాట రాయడానికి.

బిగించినవి తరువాత ఏమయ్యాయో కూడా చెప్పాలి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. వేడెక్కేకొద్దీ అది గొట్టాల్లో తెల్లటి పెచ్చులా పేరుకుంటుంది, దానిని అప్పుడప్పుడూ కడిగించాలి. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. తుప్పును తన మీదికి తీసుకుని తాను కరిగిపోవడమే దాని పని. ఈ పథకాలన్నింటిలో ఇతరుల కోసం అరిగిపోయినది అదొక్కటే అని నా అభిప్రాయం. అది అరిగాక మార్చాలి. మార్చేవాడి ఫోను నంబరు గ్యారంటీ కార్డు మీద ఉంది, ఆ ఫోను మోగుతూనే ఉంటుంది. రెండో చలికాలానికి ఒక రబ్బరు వాచరు పాడై నీళ్ళు కారడం మొదలైతే, నమూనా గృహస్థులు పైన చన్నీళ్ళ వాల్వు కట్టేశారు. ఇప్పుడు పలకల చట్రం మీద బట్టలు ఆరేసుకుంటున్నారు. సౌరశక్తి ఆ విధంగా ఇప్పటికీ వినియోగంలోనే ఉంది.

ఆ హీటరు ఎందుకు మూలపడిందో పరిశీలించడానికి ఒక బృందం వచ్చి, వాకిట్లో నిలబడి, పైకి చూసి, కాగితం మీద రాసుకుని వెళ్ళింది. కారణం మీరు ఊహించినదే. రెండో విడత అవగాహన సదస్సును ఈసారి రెండు రోజులు జరపాలని తీర్మానించారు. వక్తలు రాత్రి ఊళ్ళోనే బస చేస్తారు. చలికాలం కాబట్టి పొద్దున్నే వారి స్నానాలకు వేన్నీళ్ళ ఏర్పాటు చూడవలసిందిగా ముందే కబురు వచ్చింది. వచ్చేవారు ఆరుగురు, మనిషికి ఒక బకెట్టు. నిన్న సాయంత్రం నేను ఆ ఇంటి మీదుగా వస్తుంటే, ముసలమ్మ పెరట్లో కూర్చుని పుల్లలను ఒక్కొక్కటిగా మోకాలికి ఆనించి విరుస్తోంది. ఎండినవి ఒక పక్క, తడివి ఒక పక్క. ఎందుకమ్మా ఇన్ని అని అడిగితే, "పొగ పెట్టకుండా నీళ్ళు ఎలా కాచుకోవాలో చెప్పడానికి వస్తున్నారట బాబూ, పాపం, వాళ్ళకి వేన్నీళ్ళు కావాలట" అంది.