పోటీ లేకపోతే ఏకగ్రీవం అయిపోతుందా?

ఇందాకే ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో మా చిన్నాయనతో గొడవైంది. ఊళ్లో కొత్త సర్పంచ్ ఫ్లెక్సీ కట్టారట, ఫొటో పెట్టాడు. "ఏకగ్రీవంగా ఎన్నుకున్న గ్రామ ప్రజలందరికీ పాదాభివందనాలు." దాని కింద నేను ఒకే ఒక్క వాక్యం రాశాను. "చిన్నాయనా, అది ఏకగ్రీవం కాదు, పోటీ లేని ఎన్నిక." అంతే, మొదలైంది. "హైదరాబాద్‌ల కూసోని తప్పులు పట్టకు బిడ్డా, ఊరు ఒక్కటైంది, అది చూడు" అని ఆయన. "రెండూ ఒక్కటే గదా, పదాల కాడ పంచాయితీ ఏంది" అని మా అన్న.

ఒకటి కావు. ఎప్పటికీ కావు. గ్రీవం అంటే మెడ. ఊరందరికీ కలిపి ఒకే మెడ ఉన్నట్టు అన్ని తలలూ ఒకేసారి ఊగితే దాన్ని ఏకగ్రీవం అనాలి. మరి ఊగాయో లేదో తెలియాలంటే ముందు అందరినీ అడగాలి కదా? పోటీ లేని ఎన్నికలో ఎవరినీ అడగరు. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసేసరికి బరిలో ఎన్ని పేర్లు మిగిలాయో చూస్తారు. ఒక్క పదవికి ఒక్క పేరే మిగిలితే రిటర్నింగ్ అధికారి ఆ మనిషి ఎన్నికైనట్టు ప్రకటించేస్తాడు. లోక్‌సభకైనా అసెంబ్లీకైనా పద్ధతి ఇదే, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్‌లో ఉంది. ఆ ఒక్క పేరు ఎలా మిగిలిందని ఆ సెక్షన్ అడగదు. జనానికి ఇష్టమేనా అని అసలే అడగదు. అందుకే కన్నడంలో అవిరోధ అంటారు, హిందీలో నిర్విరోధ్ అంటారు. ఎదురు నిలబడినవాళ్లు లేరని చెప్పి అక్కడితో ఆగుతారు. మనం మాత్రం ఊరంతా చేయెత్తి ఒప్పుకున్నట్టు రాసుకుంటాం. పేపర్లూ అదే రాస్తాయి, టీవీలూ అదే చదువుతాయి.

మా ఊళ్లో ఏం జరిగిందో చిన్నాయనకు నాకంటే బాగా తెలుసు. ముగ్గురు నామినేషన్ వేశారు. ఉపసంహరణకు ముందు రాత్రి గుడి అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. గుడికి ఎవరు ఎక్కువ రాసిస్తే వాళ్లే సర్పంచ్ అన్నారు. మిగతా ఇద్దరి "ఖర్చులు" తిరిగిచ్చేశారు. మర్నాడు ఇద్దరూ మండలానికి వెళ్లి సంతకాలు పెట్టి వచ్చారు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహితలో ఎన్నికల హక్కు అంటే ఓటు వేయడం ఒక్కటే కాదు. పోటీకి నిలబడటం, నిలబడకపోవడం, నామినేషన్ వెనక్కి తీసుకోవడం కూడా ఆ హక్కులోవే. వాటికోసం డబ్బు ముట్టజెబితే 170వ సెక్షన్ ప్రకారం లంచం. ఏ ఇంట్లోనో నాలుగు చీరలు పంచితే పట్టుకుని కేసు పెడతారు. ఊరి నడిమధ్యన పదవిని వేలం వేస్తే మాత్రం "ఊరు ఒక్కటైంది" అని శాలువా కప్పుతారు!

పోలింగ్ రోజు చూసింది చెప్తాను. మా వార్డుకు పోటీ ఉంది కాబట్టి పోలింగ్ జరిగింది. నాయనమ్మను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. వేలికి సిరా పెట్టి ఆమె చేతికి తెల్ల కాగితం ఒక్కటే ఇచ్చారు. ఆమె దాన్ని తిప్పి చూసి "గులాబీది ఏది సారూ?" అంది. సర్పంచ్ బ్యాలెట్ గులాబీ రంగులో, వార్డుది తెల్లగా ఉంటాయని ఆమెకు గుర్తే. "సర్పంచ్ ఏకగ్రీవం అయిందమ్మా, వార్డు ఒక్కటే ఉంది" అన్నాడు ఆ అధికారి. ఆమె అక్కడే నిలబడి "నన్నెవరు అడిగిండ్రు?" అంది. లైన్‌లో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. ఫ్లెక్సీ మీద "గ్రామ ప్రజలందరికీ" అని రాసినవాళ్లు ఆ "అందరి"లో మా నాయనమ్మను కూడా కలిపేశారు. ఆమెను అడక్కుండా ఆమె ఒప్పుకుందని రాయడానికి వీళ్లకు ఏం హక్కుంది?

2025 డిసెంబర్‌లో తెలంగాణ మొత్తం మీద ఇలా పోటీ లేకుండా సర్పంచ్ అయినవాళ్లు వెయ్యి మందికి పైనే. వాటిలో నిజంగా కూర్చుని మాట్లాడుకుని ఒప్పుకున్న ఊళ్లూ ఉంటాయి, ఆ ఊళ్లకు దండం. కానీ ఆ ఊరికీ మా ఊరికీ ఒకటే మాట వాడితే తేడా ఎవరికి తెలుస్తుంది?

ఊళ్ల సంగతి వదిలేయండి. 2024 ఏప్రిల్ 21న గుజరాత్‌లోని సూరత్ లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ తిరస్కరించారు, మర్నాటికి మిగిలినవాళ్లు వెనక్కి తీసుకున్నారు, బీజేపీ అభ్యర్థి ఎంపీ అయిపోయారు. లక్షల మంది ఓటర్లలో ఒక్కరూ బూత్ దాకా పోలేదు. దానికీ మన టీవీల్లో ఏకగ్రీవమే! అసలు నోటా నొక్కే వీలైనా వాళ్లకు దొరికిందా?

పోటీ పరీక్షలకు చదివిన ప్రతివాళ్లకూ వచ్చే ప్రశ్న ఒకటుంది: ఏకగ్రీవంగా ఎన్నికైన రాష్ట్రపతి ఎవరు? నీలం సంజీవరెడ్డి, 1977. నేనూ బట్టీ పట్టాను. ఆ ఎన్నికకు 37 మంది నామినేషన్ వేస్తే పరిశీలనలో 36 తీసేశారని ఏ గైడులోనూ చదివిన గుర్తు లేదు. పెద్ద పార్టీలు ఆయనకు ఒప్పుకున్నమాట నిజమే. కానీ ఇంకో 36 మంది నిలబడతామన్నారు కదా! ఆయన పోటీ లేకుండా గెలిచారని రాస్తే ఆయన గౌరవం ఏం తగ్గుతుంది? ఇంకోపక్క 1991లో నంద్యాల చూడండి. పీవీ నరసింహారావు ప్రధాని అయ్యాక అక్కడ నిలబడితే, తెలుగువాడని తెలుగుదేశం అభ్యర్థినే పెట్టలేదు. అయినా వేరేవాళ్లు పోటీ చేశారు, పోలింగ్ జరిగింది, 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచారు. జనం తల ఊపారని చెప్పాలంటే లెక్క అలా తేలాలి.

ప్రభుత్వాలు పోటీ లేకపోవడానికి బహుమతులు పెట్టడం ఇంకో దారుణం. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. ఓటు వేయండి అని ప్రచారం చేసేదీ వాళ్లే, ఓటు అవసరం లేకుండా చేస్తే డబ్బులిస్తామనేదీ వాళ్లే. ఆ బహుమతి పేరు చెప్పి నిలబడదామన్నవాళ్ల నోరు ఎంత తేలిగ్గా నొక్కేయొచ్చో! "నీ ఒక్కదాని వల్ల ఊరికి పది లక్షలు పోతాయి" అంటే ఎవరు తట్టుకుంటారు?

ఒక్కదాని అని ఎందుకన్నానంటే, 2019లో మా ఊరి సీటు మహిళకు రిజర్వ్ అయింది. మా వీధిలో డిగ్రీ చదివి మహిళా సంఘం లెక్కలన్నీ చూసే ఒక వదిన నిలబడతానంది. రెండు రోజుల్లో ఆమె భర్తను పిలిపించారు, అత్తను పిలిపించారు, ఊరి ఐక్యత అన్నారు. ఆమె నామినేషన్ కాగితం బీరువాలోనే ఉండిపోయింది. అప్పుడు కట్టిన ఫ్లెక్సీలోనూ ఏకగ్రీవం అనే రాశారు. గెలిచిన ఆవిడ ఫొటో తపాలా బిళ్ళంత, పక్కన ఆవిడ భర్త ఫొటో నిలువెత్తు. ఐదేళ్లూ ఆ భర్తనే అందరూ "సర్పంచ్ సాబ్" అని పిలిచారు. మా చిన్నాయన కూడా. ఆ వదిన ఇప్పటికీ సంఘం లెక్కలు రాస్తూనే ఉంది. మొన్న ఆమె నామినేషన్ వేయలేదేమని అడిగితే "మళ్లీ అందరితోటి చెడ్డ కావాల్నా" అంది.

నా ఓటు ఇంకా ఊళ్లోనే ఉంది కాబట్టి వచ్చే గ్రామసభకు సెలవు పెట్టి పోతున్నాను. గుడికి రాసిచ్చిన డబ్బు ఎంత, ఎవరి చేతికి చేరింది, రసీదు ఉందా అని మైకులోనే అడుగుతాను. వదినను కూడా రమ్మన్నాను.