ల్యాప్‌టాప్ పవర్ బటన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ల్యాప్‌టాప్ పవర్ బటన్ గారి దివ్యసముఖమునకు, తమరి చేతిలో పలుమార్లు భంగపడిన ఒక కారు యజమాని నమస్కరించి వ్రాసుకొను విన్నపములు.

ఇచ్చట నేను క్షేమం. కారు బ్యాటరీ క్షేమమని మాత్రం గట్టిగా చెప్పలేను. తమరు ఎప్పటిలాగే ముందు సీటు కింద, మూసిన మూతకు అడుగున, చెయ్యి దూరని చీకట్లో సుఖంగా ఉన్నారని తలుస్తాను.

కథ ఎక్కడ మొదలైందో తమరికి తెలియనిది కాదు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను పారేయడానికి మనసొప్పక, దాన్ని సీటు కింద బిగించి, డ్యాష్‌బోర్డు మీద యూఎస్‌బీతో నడిచే ఏడంగుళాల తెర పెట్టి, పాటలకూ పటాలకూ వాడుకుందామనుకున్నాను. మూత మూసినా నిద్రపోకూడదని విండోస్‌కు చెప్పాను. అది ఒక్క మాటతో విన్నది. ఇక మిగిలింది ఒక్కటే. కారు తాళంచెవి తిప్పగానే ల్యాప్‌టాప్ లేవాలి, చెవి తీయగానే పడుకోవాలి. వైపరూ, బ్లోయరూ, రేడియో అన్నీ చెవి మాట వింటూ బతుకుతున్న కారులో ఈ కోరిక అత్యాశ ఎలా అయిందో ఇప్పటికీ నాకు బోధపడలేదు. “సీటు ముందుకు జరిపి, చెయ్యి పెట్టి నొక్కితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకండీ?” అని మా ఆవిడ అడిగింది. ఇది నొక్కడానికి సంబంధించిన విషయం కాదని, సూత్రానికి సంబంధించిన విషయమని చెప్పాను. ఆ సూత్రమేమిటని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే ఈ ఉత్తరం అవసరం పడేది కాదేమో.

తమరి గడప తొక్కే ముందు తమరి ఏలిక ఆకలి తీర్చవలసి వచ్చింది. కారు బ్యాటరీని పన్నెండు వోల్టులదని లోకమంతా పిలుస్తుంది గాని, అది నిండుగా ఉండి ఊరకున్నప్పుడు 12.6 వోల్టులు, ఇంజన్ నడిచి ఆల్టర్నేటర్ కరెంటు పోస్తున్నప్పుడు 14 వోల్టులకు పైన, స్టార్టర్ తిరిగే ఆ రెండు క్షణాల్లో 9 వోల్టులకో అంతకంటే కిందకో చూపుతుంది. ల్యాప్‌టాప్‌కు కావలసింది నిలకడగా 19 వోల్టులు. మొదట ఇన్వర్టర్ కొన్నాను. పన్నెండు వోల్టుల డీసీని ఇంటి కరెంటులాంటి ఏసీగా పెంచి, దాన్ని మళ్లీ అడాప్టర్‌తో డీసీగా దించడమంటే, పక్కన బావిలో నీళ్లున్నా మేడ మీది ట్యాంకుకెక్కించి, పైపులో దింపి, కింద కూర్చుని ముఖం కడుక్కోవడమే. దారిలో కారిపోయే నీళ్లన్నీ వేడిగా మారి సీటు కింద పోగుపడ్డాయి. తరువాత బుద్ధి వచ్చి, పన్నెండును నేరుగా పంతొమ్మిది చేసే డీసీ కన్వర్టర్ పెట్టాను. 65 వాట్ల ల్యాప్‌టాప్ అంటే పన్నెండు వోల్టుల దగ్గర ఐదున్నర ఆంపియర్లు, నష్టాలు కలుపుకుంటే ఆరు. అందుకు తగిన లావు తీగ వేసి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజ్ పెట్టాను. ఈ మాత్రం జాగ్రత్త తెలిసినవాడినే సుమా, తరువాతి కథ విని నన్ను మరీ తక్కువగా అంచనా వేయకండి.

ఒక ఆదివారం ఉదయం తమరి దర్శనానికి బయలుదేరాను. పదకొండు మరలు విప్పి, ప్లాస్టిక్ అంచుల్లో పాత ఏటీఎం కార్డు దూర్చి టక్కుటక్కుమని లేపి, కీబోర్డును పక్కకు ఒరిగిస్తే, గోరంత పలక మీద తమరు కనిపించారు. ఇంత అధికారం చెలాయించే వారు నాలుగు కాళ్ల చిన్న రేకు ముక్క అని తెలిసి నివ్వెరపోయాను. కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకకంటే కాస్త లావున్న రెండు తీగలను తమరి రెండు పాదాలకు టంకం పెట్టాను. రెండో తీగ అతికేలోపు మొదటిది ఊడింది. మొదటిది మళ్లీ అతికిస్తే రెండోది ఊడింది. మధ్యాహ్నానికి రెండూ నిలిచాయి. పరీక్షలకు పనికొస్తుందని ఆ రెండు తీగలకే సమాంతరంగా ఇంకో జత లాగి, స్టీరింగ్ కింద ఒక చిన్న నొక్కుడు స్విచ్చి తాత్కాలికంగా వేలాడదీశాను. దాని ప్రస్తావన ఇక్కడితో చాలు.

మొదటి ప్రయోగం ఎంత సులువుగా తోచిందంటే, దానికి రేఖాచిత్రం కూడా గీయలేదు. రిలే అంటే తన తీగచుట్టకు కరెంటు తగిలితే మూసుకునే స్విచ్చి. తాళంచెవి తీగను రిలే చుట్టకు ఇచ్చాను, రిలే కొసలను తమరి తీగలకు కలిపాను. చెవి తిప్పితే రిలే మూసుకుంటుంది, తమరు నొక్కబడతారు, యంత్రం లేస్తుంది. నిజంగానే లేచింది. ఫ్యాను గాలి తగిలింది, తెర మీద తయారీదారు ముద్ర కనిపించింది, నేను మా ఆవిడను పిలిచాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చేసరికి తెర నల్లబడింది. చెవి తీసి మళ్లీ తిప్పాను. మళ్లీ లేచింది, ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకునేసరికి మళ్లీ చచ్చింది. తమరిని నాలుగు సెకన్లకు పైగా నొక్కిపడితే, లోపల ఎంత పని జరుగుతున్నా సరే, నిర్దాక్షిణ్యంగా కరెంటు తెంచేయాలన్నది కంప్యూటర్ల పవర్ నిర్వహణ ప్రమాణమైన ఏసీపీఐలోనే రాసి ఉన్న శాసనమని ఆ రాత్రి చదువుకున్నాను. తట్టితే ప్రాణం పోస్తారు, పట్టుకుంటే ప్రాణం తీస్తారు. ఒకే వేలు, ఒకే చోటు; తేడా అంతా ఎంతసేపన్న దాంట్లోనే ఉంది.

తమరికీ తాళంచెవికీ పొత్తు ఎందుకు కుదరదో అప్పుడు అర్థమైంది. తాళంచెవి స్థితిని చెబుతుంది. తిప్పి ఉన్నంతసేపూ ‘ఉన్నాను, ఉన్నాను’ అంటూనే ఉంటుంది. తమరికి సంఘటన తప్ప స్థితి పట్టదు. ‘ఎవరో తట్టారు’ అన్నదొక్కటే తమరి చెవికెక్కుతుంది. తట్టిన వాడు లేపమన్నాడా, పడుకోబెట్టమన్నాడా అని అడిగే అలవాటు లేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే బాపతు.

సరే, తట్టడమే కావాలంటే తట్టే యంత్రమే చేద్దామని, 1970ల నుంచి లోకానికి ఊడిగం చేస్తున్న 555 టైమర్ అనే చిప్‌ను ఆశ్రయించాను. లక్ష ఓముల నిరోధకం, పది మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే, రెండింటి లబ్ధానికి 1.1 రెట్లు, అంటే 1.1 సెకన్ల పాటు ఒక్కసారి నొక్కి వదిలేస్తుంది. మనిషి వేలి కంటే మర్యాదగా పనిచేసింది. అయితే దానికి కరెంటు నేను యాక్సెసరీ తీగ నుంచి, అంటే రేడియోకు వెళ్లే తీగ నుంచి ఇచ్చాను. చాలా కార్లలో స్టార్టర్ తిరుగుతున్నంతసేపు ఆ తీగను చంపేస్తారు, ఉన్న శక్తంతా స్టార్టర్‌కే దక్కాలని. ఫలితంగా చెవి మొదటి మెట్టుకు తిప్పగానే ఒక తట్టు, ఇంజన్ అందుకుని చెవి వెనక్కి రాగానే ఇంకో తట్టు. మొదటి తట్టుకు తమరు లేపారు. రెండో తట్టుకు, వినయ విధేయతలతో, పడుకోబెట్టారు. కార్ల వైరింగుకు జర్మన్లు పెట్టిన అంకెల్లో 15 అనే తీగ ఇంజన్ పనితో ముడిపడినది కాబట్టి స్టార్టర్ తిరిగేటప్పుడూ బతికే ఉంటుందని, 30 అనేది చెవితో నిమిత్తం లేకుండా ఎప్పుడూ బతికుంటుందని తెలుసుకుని, ఫ్యూజ్ పెట్టెలో ఒక్కొక్కదాన్నీ మల్టీమీటరుతో పొడిచి చూసి 15ను పట్టుకున్నాను. దానికి తోడు పది సెకన్ల ఆలస్యం కూడా కలిపాను, స్టార్టర్ గోల అంతా సద్దుమణిగాకే తమరిని తట్టేలా. చెవి తీసినప్పుడు మళ్లీ ఒక తట్టు తట్టేందుకు రెండో టైమర్ పెట్టాను.

వారం రోజులు స్వర్గం. తరువాత ఒక సాయంత్రం, కారులో కూర్చునే ఓపిక చాలక, మా అబ్బాయి స్టీరింగ్ కిందున్న ఆ చిన్న స్విచ్చిని ముందే నొక్కేశాడు. ఆ క్షణం నుంచి సరి బేసి తారుమారైంది. నేను చెవి తిప్పితే ల్యాప్‌టాప్ పడుకునేది, చెవి తీసి ఇంట్లోకి వెళ్తే లేచి కూర్చునేది. నేను ప్రయాణం చేస్తున్నంతసేపు గుర్రుపెట్టి, నేను అన్నం తినే వేళకు ఖాళీ సీట్లకు పాటలు వినిపించేది. తమరిని నిలదీస్తే ఏమంటారో తెలుసు: నన్ను తట్టారు, నేను మార్చాను, లెక్క చూసుకోవడం నా ఉద్యోగం కాదు.

లెక్క నేనే చూసుకుందామని, రాసిచ్చిన నియమం ప్రకారం నడిచే చిప్, అంటే ఒక చిన్న మైక్రోకంట్రోలర్ తెచ్చాను. తమరి పక్కనే వెలిగే పవర్ దీపం తీగను దానికి చూపించి, కంటికి కనిపించేంత న్యాయమైన నియమం రాశాను. చెవి ఉండి దీపం లేకపోతే తట్టు. చెవి లేక దీపం ఉంటే తట్టు. రెండూ కలిస్తే ఊరుకో. తట్టే పనికి, సంకేతాన్ని వెలుతురు ద్వారా దాటించే ఆప్టోకప్లర్ పెట్టాను, కారు కరెంటు నేరుగా తమరి పాదాలకు తగలకుండా. ఇంతకంటే పెద్దమనుషుల ఒప్పందం ఏముంటుంది? ఆ రాత్రి ధైర్యంగా నిద్రపోయాను.

రెండు దాటాక మా ఆవిడ లేపింది. కారులో ఎవరో ఉన్నారట. కిటికీలోంచి చూస్తే నిజమే, చీకట్లో కారు అద్దాల వెనక వెలుగు వచ్చేది, పోయేది, మళ్లీ వచ్చేది. ఎవడో టార్చిలైటు ఆర్పి వెలిగిస్తూ వెతుకుతున్నట్టే ఉంది. చేతిలో గొడుగు పట్టుకుని, చెప్పులు లేకుండా, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లి తలుపు తీశాను. లోపల మనిషి లేడు. తెర వెలిగి ఉంది. నేను చూస్తుండగానే ఆరిపోయింది. సీటు కింద తమరి దీపం మెల్లగా, ఊపిరి పీల్చినట్టు, మిణుక్కుమంది. ఆ మిణుకుతో తెర మళ్లీ వెలిగింది.

చాలా ల్యాప్‌టాప్‌లు నిద్రపోయినా దీపం ఆరిపోదు, మిణుకుతుంది. నిద్రలో ఉన్నానని చెప్పడానికి తయారీదారులు పెట్టిన ముచ్చట అది. దీపం మిణుక్కుమనగానే నా మైక్రోకంట్రోలర్, చెవి లేకుండా దీపం వెలిగిందే అని తట్టింది. ల్యాప్‌టాప్ లేచింది. లేచాక దీపం నిలకడగా వెలిగింది కాబట్టి మళ్లీ తట్టింది. పడుకుంది. మిణికింది. చీకటి పడినప్పటి నుంచి ఇద్దరూ ఇదే పని మీద ఉన్నారు, ఎవరి నియమాన్ని వారు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తూ. కన్వర్టర్‌ను నేరుగా బ్యాటరీకే కలిపి ఉంచడం వల్ల ఖర్చంతా కారు భరించింది. తెల్లవారి చెవి తిప్పితే స్టార్టర్ టక్‌టక్‌మని రెండు మాటలని ఊరుకుంది. వయసు మళ్లిన బ్యాటరీ, పాపం.

ఆ దెబ్బతో కన్వర్టర్‌ను చెవితో నడిచే రిలే వెనక్కి మార్చాను. చెవి తీస్తే ల్యాప్‌టాప్ తన సొంత బ్యాటరీ మీద బతకాలి. తమరిని తట్టినప్పుడు నిద్ర కాదు, హైబర్నేట్ చేయాలని విండోస్‌లో మార్చాను. అందులో మెమరీ అంతా డిస్కులోకి రాసి నిజంగానే ఆరిపోతుంది, దీపం మిణుకదు. ఎందుకైనా మంచిదని, అడాప్టర్ కరెంటు పోయాక ఐదు నిమిషాలు చూసి తనంతట తానే హైబర్నేట్ అయ్యేలా ఇంకో మాట కూడా చెప్పి ఉంచాను. అడాప్టర్ తగలగానే లేచే ఏర్పాటు కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లోనే, అంటే విండోస్ కంటే ముందు లేచే మూల సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. నాది ఆ అదృష్టానికి నోచుకోలేదు, మూడుసార్లు వెతికాను.

ఇప్పుడు అంతా పనిచేస్తోంది. పనిచేస్తోందంటే, పాత హార్డ్ డిస్కు కాబట్టి లేవడానికి నిమిషం పైన పడుతుంది, దానికి ముందు నేను పెట్టిన పది సెకన్లు అదనం. దగ్గరి ప్రయాణాల్లో పాట మొదలయ్యేసరికి దిగవలసిన చోటు వస్తుంది. పెట్రోలు పోయించడానికి చెవి తీస్తే పడుకోవడం మొదలుపెడుతుంది, పడుకునే పని పూర్తికాక ముందే చెవి తిప్పితే ఆ పని ముగించుకుని, ఆరి, మళ్లీ లేస్తుంది. ఎండలో నిలిపిన కారులో ఆ లిథియం బ్యాటరీ పడే బాధ నేను తలచుకోదలచుకోలేదు.

చివరిగా తమరి వంశం గురించి ఒక మాట. 1912లో చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజనీరు గారి విద్యుత్ స్టార్టర్ క్యాడిలాక్ కార్లలోకి వచ్చి ఇనుప హ్యాండిలు తిప్పే బాధ తప్పించాక, చాలాకాలం కారు లేపడానికి డ్యాష్‌బోర్డు మీదో కాలి దగ్గరో ఒక మీటను నొక్కేవారు. చెవి ఉన్నా అది ఊరికే అనుమతి పత్రం. చెవి తిప్పితేనే స్టార్టర్ తిరిగే ఏర్పాటు 1949లో క్రైస్లర్ కార్లలో వచ్చింది. అంటే అప్పట్లో కారు యజమానులు తమరి పూర్వీకులను వదిలించుకుని చెవిని నమ్ముకున్నారు. ఇప్పుడు చాలా కొత్త కార్లలో చెవి పోయి మళ్లీ బటనే వస్తోంది. తమరు ఓపికగా ఎదురుచూసి గెలిచారని ఒప్పుకుంటున్నాను. నేను కోరేది స్వల్పం: ఎవరైనా తట్టినప్పుడు, తెరచి ఉన్న తలుపును మూయమంటున్నారా తీయమంటున్నారా అని ఒక్కసారి చూడండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి పాదాలకు టంకం పెట్టినవాడు

తా.క.: ఈ ఉత్తరం ముగించి, పాదాల తీగలను ఒకసారి చూసివద్దామని కారు దగ్గరకు వెళ్లాను. మైక్రోకంట్రోలర్‌కు కరెంటిచ్చే ఒక ఆంపియర్ ఫ్యూజ్ కాలిపోయి ఉంది. గాజు లోపల మసి, గాజు పైన దుమ్ము కూడా పట్టింది. ఎన్నాళ్లయిందని మా ఆవిడను అడిగితే, తనకేం తెలుసంది. తను, అబ్బాయి మొదటి నుంచీ స్టీరింగ్ కింద వేలాడే ఆ స్విచ్చినే నొక్కుతున్నారట.