నీళ్లు మానేస్తే ఆగుతుందా?

ఈ వారంలో ఐదోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట కావలి వదిన పంపింది, తర్వాత ఒంగోలు పిన్నమ్మ, చివరికి నాతో డ్యూటీ చేసే నర్సు కూడా. "దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా? పారాసింపథెటిక్ నరాల బలహీనతే కారణం. రోజుకు మూడు గ్లాసుల నీళ్లు చాలు. టీ మానండి. బొడ్డులో ఆముదం వేయండి. కాన్పులైన ఆడవాళ్లకు ఇది మామూలే, మందు లేదు."

బొడ్డులో ఆముదం వేస్తే చీరకు మరకవుతుంది. అంతే.

నరాల సంగతి. రాసినాయన పెద్ద పేరే పట్టాడు గానీ పని తిరగేశాడు. మూత్రసంచి నిండేదాకా దాన్ని వదులుగా ఉంచి, మూతి దగ్గర బిగించేవి సింపథెటిక్ నరాలు. పిండి ఖాళీ చేయించేవి పారాసింపథెటిక్ నరాలు. అవి బలహీనపడితే అసలు మూత్రమే సరిగ్గా రాదు. ఏళ్ల తరబడి షుగరున్న కొందరిలో అలా సంచి నిండి, పొర్లి, చుక్కలుగా పడుతుంది. తుమ్మితే పడడం వేరు. అక్కడ సాధారణంగా సడలేది కాన్పులకు, బరువులకు, తీరని దగ్గుకు లొంగిపోయిన కటి కింది కండరాలు. తలుపు తాళం తీసేలోపే పడిపోవడం ఇంకో రకం: నిండకముందే సంచి ముడుచుకుంటుంది. అన్నిటికీ ఆముదమేనట!

ఇక నీళ్లు. రోహిణీ కార్తెలో మన ఎండకు మూడు గ్లాసులా? పొగాకు గ్రేడింగుకు వెళ్లే ఒకామె పోయిన ఎండాకాలం మా దగ్గరికొచ్చింది. షెడ్డు దగ్గర మరుగుదొడ్డి లేదని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగేది కాదు. సీసాలో ఇచ్చిన మూత్రం డికాషన్‌లా ఉంది. మంట, చలిజ్వరం. చేతిసంచిలో పాత నూలుచీర ముక్కలు, నాలుగేసి మడతలు పెట్టి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని ఇంకా రేపుతుంది, ఇన్‌ఫెక్షన్ పట్టుకుంటుంది. మలబద్ధకం వచ్చి ముక్కితే, ఆ కండరాలే మరింత సడలుతాయి. నీళ్లు మానమని చెప్పే దయామయులు ఆ షెడ్డుకో దొడ్డి కట్టించమని ఫార్వర్డ్ చేయండి, పుణ్యముంటుంది.

టీ మాట మాత్రం నిజం. ఒప్పుకోవాలంటే ఒళ్లు మండుతోంది గానీ, కెఫీన్ సంచిని తొందరపెడుతుంది. రోజుకు ఆరు కప్పులు తాగే నేనే రెండుకు దిగాక, రాత్రి లేవడం తగ్గింది.

మందు లేదా? 1948లోనే కెగెల్ అనే అమెరికా డాక్టరు కాన్పైన ఆడవాళ్ల కోసం ఈ కండరాల వ్యాయామం రాశాడు. గ్యాసు ఆపుకున్నట్టు బిగించి, ఐదు లెక్కపెట్టి, వదలాలి. పదేసి సార్లు, మూడు పూటలా, కనీసం మూడు నెలలు. తాళం తీసేలోపే పడిపోయే తొందర రకానికి మాత్రలున్నాయి. మిరాబెగ్రాన్ సింపథెటిక్ దారిలోనే పనిచేసి సంచిని వదులు చేస్తుంది. బీపీ చూసి డాక్టరు రాయాలి.

ఇదంతా చెప్పి కోప్పడదామనే వదినకు ఫోన్ చేశాను. "ఎవరి కోసం పంపావు వదినా?" అంటే కాసేపు పలకలేదు.

"నెల్లూరు దాకా బస్సెక్కాలంటే భయంగా ఉంది అమ్మణ్ణీ" అంది.

సోమవారం నేనే కావలి వెళ్తున్నాను.