మా ఇంటి భూసేకరణ

ల్యాప్‌టాప్ పక్కన ఇంకో మానిటర్ ఉంటే పని రెట్టింపవుతుందని ఆఫీసులో ఎవరో అన్నారు. ఎవరి పని అని అప్పుడే అడగాల్సింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లి, 1,800 రూపాయలకు ఓ పాత 19 అంగుళాల మానిటర్ తెచ్చాను. పలకలా నలుచదరంగా ఉంటుంది. వెనకాల ఒక్కటే సాకెట్టు: 15 సూదుల వీజీఏ, 1987లో ఐబీఎం మొదలుపెట్టిన సంప్రదాయం. నా ల్యాప్‌టాప్‌కు ఉన్నదేమో హెచ్‌డీఎంఐ. దీని భాష అంకెలు, దాని భాష అలలు. మధ్యలో దుబాసీగా 350 రూపాయల కన్వర్టర్‌ను కుదిర్చాను. పాపం పనిమంతుడే గానీ, వంటింట్లో మిక్సీ తిరిగితే కంగారుపడతాడు. కొబ్బరి పచ్చడి చేసే రోజు ఎక్సెల్ షీటులో ఏ గడిలో ఏముందో నేను పూచీ పడలేను.

ఎక్స్‌టెన్షన్ బాక్సు 450. వెరసి 2,600 రూపాయలు. మిగతావన్నీ ఇంట్లో ఉన్నవే కాబట్టి ఉచితం అని లెక్క తేల్చాను. ఉచితం అన్న మాట దగ్గరే ప్రభుత్వాలూ నేనూ కాలు జారేది.

అన్నిటికంటే ముందు స్థలం కావాలి. డైనింగ్ టేబుల్ మీంచి అప్పటికే నన్ను ఖాళీ చేయించారు. ఇంట్లో మిగిలిన ఏకైక సారవంతమైన భూమి అమ్మ కుట్టు మిషన్ బల్ల. మిషన్‌ను లోపలికి మడిచేస్తే పైన చదునుగా ఉంటుంది, కిటికీ పక్కన, ప్లగ్గుకు దగ్గర. కేంద్రం 2013లో చేసిన భూసేకరణ చట్టం తిరగేశాను. ప్రైవేటు ప్రాజెక్టయితే 80 శాతం భూయజమానుల సమ్మతి కావాలి. ఇంట్లో నలుగురం. నేను, మా ఆవిడ, అమ్మాయి సరేనన్నాం. అంటే 75 శాతమే. (యజమాని అమ్మ ఒక్కతే కదా అన్న సాంకేతిక అభ్యంతరాన్ని తోసిపుచ్చాను.) అయితే ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 చాలట. వెంటనే ప్రాజెక్టు స్వభావం మార్చాను: రాత్రి ఏడు దాటాక మానిటర్ ప్రజలది, అంటే అమ్మ సీరియల్‌ది.

నిర్మాణం మొదలైంది. మానిటర్ పై అంచు కంటికి సమానంగా ఉండాలి కాబట్టి కింద నా ఎంసెట్ మెటీరియల్ పెట్టాను. ఆ పుస్తకాలు నన్ను ఎక్కడికో తీసుకెళ్తాయని నాన్న అప్పుచేసి కొన్నారు. ఇన్నేళ్లకు ఒక మానిటర్‌ను నాలుగు అంగుళాలు పైకి తీసుకెళ్లాయి. తెర చేయి చాపినంత దూరంలో ఉండాలనీ అంటారు. బల్ల వెడల్పు మూరెడు. అందుకని కుర్చీ వెనక్కి జరిపి, కీబోర్డును ఒళ్లో అమ్మాయి పరీక్ష అట్ట మీద పెట్టుకున్నాను. దాని క్లిప్పు సరిగ్గా పొట్టలో గుచ్చుకుంటుంది. నిటారుగా కూర్చోబెట్టడానికి ఇంతకు మించిన పరికరం వేలు పోసినా దొరకదు.

కాళ్లకు మాత్రం రాజభోగం. కింద మిషన్ తొక్కుడు ఉందిగా! మొదటి మీటింగులోనే ఆలోచనలో పడి తొక్కేశాను. బెల్టు లేని చక్రం గడగడా తిరిగింది. "మీ దగ్గర ట్రైన్ వెళ్తోందా?" అన్నాడు మేనేజరు. అవునన్నాను. ఇప్పుడు రోజూ పదకొండింటికి ఆ ట్రైను వెళ్లక తప్పడం లేదు.

ఇక పరిహారం. పట్టణాల్లో మార్కెట్ విలువకు అంతే మొత్తం సాంత్వన సొమ్ము కలిపి ఇవ్వాలంటుంది చట్టం. ఈ సంగతి అమ్మకు ఎవరు చెప్పారో (అనుమానం పదేళ్ల అమ్మాయి మీదే, పరీక్ష అట్ట పోయిన బాధ దానిది) ఆగిపోయిన జాకెట్లన్నిటికీ రెట్టింపు మజూరీతో చిట్టీ రాసింది. భూమి తమది కాకపోయినా మూడేళ్లుగా దాని మీదే బతికినవాళ్లూ బాధితులేనట. ఆ లెక్కన బల్ల మీద పడుకునే పక్కింటి పిల్లికీ హక్కుంది. అది అర్జీ పెట్టలేదు, ల్యాప్‌టాప్ వెచ్చగా ఉందని దాని మీద తానే పునరావాసం చూసుకుంది.

భాగస్వామ్యమూ కుదర్లేదు. వీజీఏలో బొమ్మే వస్తుంది, మాట రాదు. ఆ మాట కోసం ఏడింటికి ల్యాప్‌టాప్ కూడా అమ్మకే అప్పగించాలి. ఏడున్నరకు అమెరికా వాళ్ల కాల్. రెండు వారాలు అత్తగారి శపథాల మధ్య ఫోన్లోనే స్టేటస్ చెప్పాను.

శ్రావణమాసం వచ్చింది, జాకెట్లు కుప్ప పడ్డాయి. ఓ ఉదయం లేచేసరికి మిషన్ పైకి లేచి ఉంది, బెల్టు బిగించి ఉంది. మానిటరేమో పక్కన స్టూలు మీద, తెర నిండా జాకెట్టు మెడల డిజైన్లు. నేను మంచం మీద, గోడకు దిండు ఆనించుకుని, ఫోన్లో మెయిళ్లు చూసుకుంటున్నాను.

"ఒరేయ్, ఆ ఎంసెట్ పుస్తకం ఇంకోటి ఉంటే దీని కింద పెట్టు," అంది అమ్మ దారం ఎక్కిస్తూ. "మెడ పట్టేస్తోంది."