‘ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కు వర్తించదు’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఈ అప్‌డేట్ మీ కంప్యూటర్‌కు వర్తించదు’ గారి దివ్యసముఖానికి, నెట్ లేని కంప్యూటర్లకు పెన్‌డ్రైవ్‌లో విండోస్ అప్‌డేట్లు మోసుకెళ్ళే వాళ్ళలో ఒకడు నమస్కరించి రాసుకునేది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, కుశలమంతా మీ వైపే ఉంది. అప్‌డేట్ ఎక్కించుకోనని విండోస్ మొండికేసినప్పుడు తెర మీదకు వచ్చే చిన్న పెట్టె మీరు: ఒక వాక్యం, దాని కింద ఒక ఓకే బటన్. ఇన్నేళ్ళుగా మీ ఉద్యోగం అంతే. బటన్ నొక్కగానే మీరు వెళ్ళిపోతారు, మేం అక్కడే మిగిలిపోతాం. ‘వివరాలు’ అని ఇంకో బటన్ పెట్టుకోవచ్చు కదా అంటే, అంత ఆడంబరం మీకు గిట్టదు మరి.

మా సంగతి మీదాకా వచ్చిందో లేదో. కంప్యూటర్ అన్నాక ఇరవై నాలుగు గంటలూ నెట్‌లోనే పడి ఉంటుందని మీవాళ్ళ నమ్మకం. ల్యాబుల్లో పరికరాలకు తగిలించినవి, ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపేవి, భద్రత కోసం కావాలనే నెట్‌కు దూరంగా ఉంచినవి, సిగ్నల్ అందని చోట ఉన్నవి కూడా కంప్యూటర్లే. వాటిలోనూ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, దాంట్లోనూ లొసుగులు ఉంటాయి. నెట్ లేదు కాబట్టి భయం లేదనే వాళ్ళకు 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ పురుగు గట్టి జవాబే చెప్పింది. నెట్ లేని చోటికి అది పెన్‌డ్రైవ్ ఎక్కి వెళ్ళింది. షార్ట్‌కట్ ఐకాన్లు చూపించే పనిలో విండోస్‌కు ఉన్న ఒక లోపం దానికి సరిపోయింది. దేన్నీ రన్ చేయక్కర్లేదు, ఫోల్డర్ తెరిచి చూస్తే చాలు. కాబట్టి మేం సరదాకి తిరగడం లేదని మనవి.

ఇక మీ దర్శనం. అది ఊరికే దొరకదు. ముందు నెట్ ఉన్న ఇంకో కంప్యూటర్ చూసుకుని అప్‌డేట్ ఫైళ్ళు దొరికే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కేటలాగ్ సైటు తెరవాలి. 2016 దాకా అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప పనిచేసేది కాదు, అదీ యాక్టివ్‌ఎక్స్ అనే అదనపు ముక్కకు ఒప్పుకుంటేనే. ఇప్పుడు ఏ బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటోంది, అందుకు ఒక దణ్ణం. అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే కేబీ నంబరు కొడితే ఆ ఒక్క నంబరు కిందే వరసలు వరసలు: ప్రాసెసర్ రకాన్ని బట్టి ఎక్స్64కి ఒకటి, ఆర్మ్64కి ఒకటి, పాత విండోస్ అయితే ఎక్స్86కి ఇంకొకటి, వెర్షన్ మారితే మళ్ళీ వేరే. కళ్ళు చిట్లించి మనది ఏరుకోవాలి. దిగిన ఫైలు పేరు చివర నలభై అంకెల, అక్షరాల తోక ఉంటుంది. దాన్ని చూసి భయపడి పేరు మార్చేస్తారు చాలామంది. అది ఆ ఫైలు ఎస్‌హెచ్‌ఏ-1 హ్యాష్, అంటే లోపలున్నదాన్ని బట్టి లెక్క కట్టిన వేలిముద్ర. పెన్‌డ్రైవ్ నుంచి దించుకున్నాక విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండుతో లెక్క కట్టి ఆ తోకతో పోల్చుకుంటే, ఫైలు దారిలో చెడిపోయిందో లేదో తేలిపోతుంది. మీ కుటుంబం మొత్తంలో మాకు నిజంగా పనికొచ్చే మాట చెప్పేది ఆ తోక ఒక్కటే.

పెన్‌డ్రైవ్‌కు దాని సొంత పట్టింపులు ఉన్నాయి. ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంటే, 32 జీబీ ఖాళీగా ఉన్నా సరే, 4 జీబీ అంత ఉన్న ఒక్క ఫైలునూ ఎక్కనివ్వదు. కొత్త వెర్షన్ విండోస్ మొత్తాన్ని ఒకే ఐఎస్ఓ ఫైలుగా మోసుకెళ్ళే వాళ్ళకు మొదటి దెబ్బ అక్కడే తగులుతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మార్చుకుంటే గండం గడుస్తుంది.

అన్నీ దాటుకుని వెళ్ళి ఎంఎస్‌యూ అనే ఆ అప్‌డేట్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే, ‘ఈ కంప్యూటర్‌లో అప్‌డేట్ల కోసం వెతుకుతున్నాం’ అంటుంది. ఫైలు చేతికిచ్చాక ఇంకా వెతకడమేంటి స్వామీ? విండోస్ 7 చివరి రోజుల్లో ఈ వెతుకులాట గంటల తరబడి సాగేది. అప్పట్లో తెలిసినవాళ్ళు చెప్పిన చిట్కా ఏమిటంటే, ముందు విండోస్ అప్‌డేట్ సర్వీసును ఆపేసి ఆ తర్వాత ఫైలు నడపమని. అప్‌డేట్‌ను ఆపితే తప్ప అప్‌డేట్ ఎక్కదన్నమాట.

ఆ వెతుకులాట ముగిసి, అప్పుడు తమరు ప్రత్యక్షమవుతారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో మాకు అప్పుడు తెలుస్తుంది.

వర్తించదన్నారు, సరే. ఎందుకు వర్తించదు? అదే అప్‌డేట్ ఆ మెషిన్‌లో ముందే ఉండొచ్చు. దాన్ని మింగేసిన తర్వాతి నెల అప్‌డేట్ ఉండొచ్చు, ఎందుకంటే విండోస్ 10 నుంచి నెలనెలా వచ్చేవి పాతవన్నీ కలుపుకునే వస్తాయి. మేం ఆర్మ్ ఫైలు తెచ్చి ఎక్స్64 మీద పెట్టి ఉండొచ్చు. వెర్షన్ తేడా అయ్యుండొచ్చు. లేదా దీనికి ముందు వేయాల్సింది ఇంకోటి ఉండొచ్చు. మొదటి రెండింటిలో సంతోషంగా ఇంటికి పోవాలి. తర్వాతి రెండింటిలో కేటలాగ్‌కు తిరిగి వెళ్ళాలి. ఆఖరిదానిలో మళ్ళీ వెళ్ళి ఆ ‘ఇంకోటి’ ఏదో కనుక్కోవాలి. ‘మీ మెషిన్ క్షేమం’, ‘మీ మెషిన్ ప్రమాదంలో ఉంది’ అనే రెండు కబుర్లనూ ఒకే వాక్యంలో, ఒకే ముఖంతో చెప్పగల నేర్పు మీకు తప్ప ఇంకెవరికీ లేదు. నెట్ ఉన్నవాడైతే ఆ వాక్యాన్ని కాపీ చేసి వెతుక్కుంటాడు. మేమెక్కడ వెతకాలి?

పట్టు వదలకుండా, జరిగినవన్నీ విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్‌లో సెటప్ లాగ్ తెరిచినవాళ్ళకు మీరు ఇంకో కానుక దాచిపెట్టారు. అప్‌డేట్ ఇన్‌స్టాల్ కాలేదనీ, కారణం ఎర్రర్ 2149842967 అనీ ఉంటుంది. ఆ అంకె పక్కనే కొటేషన్ గుర్తులు తెరుచుకుంటాయి, లోపల ఒక్క అక్షరమైనా లేకుండా మూసుకుంటాయి. ఇంతకీ ఆ అంకెకు అర్థం మీరే. వర్తించదు కాబట్టి వర్తించదు!

‘ముందు వేయాల్సిన ఇంకోటి’ గురించి కొంచెం ఎక్కువే చెప్పుకోవాలి, మా ఆయుష్షు పోయేది అక్కడే. విండోస్ 10లో చాలా ఏళ్ళపాటు సర్వీసింగ్ స్టాక్ అప్‌డేట్ వేరుగా వచ్చేది. అంటే అప్‌డేట్లు వేసే పనిముట్టుకే ఒక అప్‌డేట్. 2021లో గానీ దాన్ని నెలనెలా వచ్చే ఫైలులో కలపలేదు. 2019లో విండోస్ 7 వంతు వచ్చింది. అప్‌డేట్ అసలైనదేనని చెప్పే డిజిటల్ సంతకం ఎస్‌హెచ్‌ఏ-2 అనే కొత్త పద్ధతికి మారింది. కొత్త సంతకాన్ని గుర్తుపట్టడం ఆ పాత విండోస్‌కు రాదు, గుర్తుపట్టాలంటే కేబీ4474419 వేయాలి. ఇక విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో ‘చెక్‌పాయింట్’ పద్ధతి వచ్చింది, అంటే ఒక నెల అప్‌డేట్‌ను పునాదిగా పెట్టి తర్వాతివి దాని మీద కట్టడం. 2024 సెప్టెంబర్ నాటి కేబీ5043080 లేని మెషిన్‌కు తర్వాతి నెలలది వేయాలంటే రెండు ఫైళ్ళనూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, విండోస్‌లోని డిస్మ్ కమాండుతో కొత్తదాన్ని చూపించాలి. అది పాతదాన్ని తనే వెతుక్కుంటుంది. బాగుంది. ఈ ముక్క మీ పెట్టెలో రాస్తే తమరి సొమ్మేం పోయింది?

లినక్స్ వైపు స్వర్గమని అనను. నెట్ లేకుండా డెబియన్ అనే లినక్స్‌లో ఒక ప్యాకేజీ వేయబోతే దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి, ఆ తోరణానికి అంతు ఉండదు. అయినా అక్కడ ప్యాకేజీలు వేసే డీపీకేజీ మొహమాటం లేకుండా పేరు పెట్టి చెబుతుంది: ఫలానాది కావాలి, అది ఇక్కడ లేదు, అందుకే ఆగాను అని. ఆ పేరు చీటీ మీద రాసుకుని వెళ్ళొచ్చు. ఏపీటీ-ఆఫ్‌లైన్ అనే పనిముట్టు అయితే ఇంకా మర్యాదస్తురాలు. నెట్ లేని మెషిన్‌నే ముందు అడిగి, ఏమేం కావాలో జాబితా రాయించుకుని, నెట్ ఉన్న చోట వాటిని మాత్రమే దించుకొస్తుంది.

మీ వైపూ అలాంటిది ఒకటి ఉంది, దాచిపెట్టినంత పని చేశారు గానీ. wsusscn2 అనే క్యాబ్ ఫైలు. దాన్ని నెట్ లేని మెషిన్‌లో పెట్టి చిన్న స్క్రిప్ట్ నడిపితే ఏ సెక్యూరిటీ అప్‌డేట్లు లేవో చెబుతుంది. అప్‌డేట్లు మాత్రం అందులో ఉండవు, అవి మళ్ళీ మోసుకురావాల్సిందే. అయినా ఫర్వాలేదు. ముందుగా తెలియడమే మాకు పదివేలు.

ఆలస్యం గురించి మాకు పాఠాలు అక్కర్లేదు. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగిన వన్నాక్రై వైరస్ వాడుకున్న లొసుగుకు 2017 మార్చి 14నే అప్‌డేట్ వచ్చింది. దాడి మొదలైంది మే 12న. ఆ వన్నాక్రై ముందుగా నెట్‌లో ఒక వింత చిరునామా కోసం చూసేది, అది పలికితే ఆగిపోయేది. ఒక పరిశోధకుడు ఆ చిరునామాను రిజిస్టర్ చేయడంతో ఎన్నో మెషిన్లు బతికిపోయాయి. కానీ బయటి నెట్ లేని లోపలి నెట్‌వర్క్‌లో ఆ చిరునామా ఎలా పలుకుతుంది? అక్కడికి దూరాక దానికి అడ్డే లేదు. తొందర గురించీ పాఠాలు అక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 కొత్త వెర్షన్ 1809 విడుదలై, కొందరి ఫైళ్ళు మాయమవుతున్నాయని తేలగానే కొద్ది రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఆ వారం పెన్‌డ్రైవ్ బద్ధకస్తులందరూ హాయిగా నిద్రపోయారు.

కాబట్టి మిమ్మల్ని ఉద్యోగం మానేయమనడం లేదు. వర్తించనప్పుడు వర్తించదనే చెప్పండి. దాని పక్కన ఒక్క వాక్యం, అంతే. ‘ఇది ముందే ఉంది’ అనో, ‘ఇది ఆర్మ్‌ది’ అనో, ‘ముందు ఫలానా కేబీ వేసి రండి’ అనో. లోపల మీకు తెలియకుండానే ‘కాదు’ అనరు కదా? మరీ మొహమాటమైతే ఆ ఖాళీ కొటేషన్ల మధ్య రాయండి, లాగ్ తెరిచి మేమే చదువుకుంటాం.

జవాబు దయచేస్తే నెట్‌లో పంపకండి, మాకు చేరదు. ఎంఎస్‌యూగా మాత్రం అసలు పంపకండి. మామూలు టెక్స్ట్ ఫైలు చాలు.

ఇట్లు,
ఓకే నొక్కడం తప్ప ఇంకో దారి లేని
మీ విధేయుడు