స్కాన్ బాగుంటే బాధ అబద్ధమా?

బెంగళూరులో రోడ్డు ప్రమాద పరిహార కేసులు విచారించే ట్రిబ్యునళ్లకు అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుంచి వలస వచ్చిన మేస్త్రీలు, డ్రైవర్లు, డెలివరీ కుర్రాళ్లు కొత్తేమీ కాదు. వాళ్లలో తలకు దెబ్బ తగిలినవారి కేసు వచ్చేసరికి వాదన మొత్తం స్కాన్ రిపోర్టు చుట్టూ తిరుగుతుంది. మెదడులో రక్తస్రావం కనిపిస్తే పరిహారం ఎంతన్నదే చర్చ. రిపోర్టు నార్మల్ అని ఉంటే మాత్రం కాలు చచ్చుబడిందన్నా, ఫిట్స్ వస్తున్నాయన్నా, నాలుగు మాటలు గుర్తుండడం లేదన్నా బీమా కంపెనీ తరఫున వినిపించే మాట ఒకటే: నటన. ఈ ధోరణి వైద్యం దృష్టిలో తప్పు, చట్టం దృష్టిలో మరింత తప్పు.

స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలుపై 13 నుంచి 15 వస్తే స్వల్ప గాయం అంటారు. ఆ స్కోరు చెప్పేది తొలి గంటల్లో మనిషికి ఎంత స్పృహ ఉందన్నదే తప్ప, ఆరు నెలల తర్వాత అతడు బండి నడపగలడా, లెక్క చూసుకోగలడా అన్నది కాదు. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, పుర్రె పగుళ్లను పట్టుకుంటుంది. నరాల తంతువుల స్థాయిలో జరిగిన నష్టం చాలాసార్లు దానికి చిక్కదు. ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్ సంగతి వేరు. అందులో మెదడు నిర్మాణం చెడదు, పనితీరు గాడి తప్పుతుంది. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు. అన్ని పరీక్షలూ నార్మల్ వచ్చాక ఏమీ తోచక పెట్టే పేరు కాదది. నిర్దిష్టమైన గుర్తులను బట్టి న్యూరాలజిస్టు చేసే నిర్ధారణ. మానసిక ఒత్తిడిని కారణంగా చూపితేనే ఆ నిర్ధారణ చెల్లుతుందన్న నియమాన్ని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లోనే తీసేసింది.

ఆ గుర్తుల్లో ఒకటిగా, అమెరికన్ వైద్యుడు చార్లెస్ హూవర్ 1908లో వివరించిన పరీక్షనే తీసుకుందాం. పడుకోబెట్టిన రోగిని బలహీనమైన కాలి మడమతో మంచాన్ని నొక్కమంటే నొక్కలేడు. వైద్యుడు ఆ మడమ కింద ఒక చెయ్యి ఉంచి, బాగున్న కాలిని పైకి ఎత్తమంటూ దాన్ని రెండో చేత్తో అదిమిపడతాడు. అప్పుడు, నొక్కలేకపోయిన ఆ మడమే తనంతట తాను అరచేతిని గట్టిగా నొక్కుతుంది. నరాల దారి బాగానే ఉంది, కావాలని కదిలించబోయినప్పుడే ఆజ్ఞ దారి తప్పుతోందని వైద్యుడికి అర్థమవుతుంది. ఇదే వాక్యం క్రాస్ ఎగ్జామినేషన్‌లో న్యాయవాది చేతికి చిక్కితే "అంటే కదిలించగలడన్నమాట" అని తిరగబడుతుంది. జబ్బును పట్టించిన గుర్తే మోసానికి రుజువైపోతుంది. రోగి బజారుకు నడిచి వెళ్తున్న వీడియో చూపించి కేసు కొట్టేయమనడమూ ఇలాంటిదే. ధ్యాస మళ్లినప్పుడు లక్షణం తగ్గడం, ఒకరోజు ఉండి మరొకరోజు లేకపోవడం ఈ జబ్బు స్వభావం. ఆ స్వభావాన్నే మోసంగా చూపడం అన్నిటికన్నా నాకు కోపం తెప్పిస్తుంది.

నకిలీ క్లెయిములు లేవని అనను. ఉత్తరప్రదేశ్‌లో వాటిపై ప్రత్యేక దర్యాప్తు బృందాన్నే వేయాల్సి వచ్చింది. హూవర్ పరీక్ష ఒక్కటే రోగి నిజాయితీకి ధ్రువపత్రమూ కాదు. కానీ అబద్ధమని ఆరోపించేవారే దాన్ని సాక్ష్యంతో నిరూపించాలి. నార్మల్ స్కాన్ ఆ సాక్ష్యం కాదు.

చట్టం ఇప్పటికే దారి చూపింది. రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో శరీర వైకల్య శాతాన్నే సంపాదన నష్టంగా లెక్కగట్టవద్దని చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన డ్రైవరు ఉపాధి దాదాపు పూర్తిగా పోవచ్చు, గుమాస్తాకు అంత పోకపోవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. ట్రిబ్యునల్ మౌన ప్రేక్షకుడిలా కూర్చోరాదని హెచ్చరించింది. కాబట్టి అడగాల్సింది స్కాన్‌లో ఏముందని కాదు, ఈ మేస్త్రీ మళ్లీ సారవ ఎక్కగలడా అని.

అసలు లోపం మనం కాగితానికిచ్చే విలువలో ఉంది. "తల దిమ్ముగా ఉంది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, చిన్న చప్పుడు కూడా ఓర్చుకోలేకపోతున్నా" అని క్యాజువాలిటీలో తెలుగులో చెప్పుకున్నదంతా కేస్ షీట్‌లో తలనొప్పి అన్న ఒక్క ముక్కగా మిగిలిపోవచ్చు. ఏళ్ల తర్వాత ఆ షీటే తెరిచి, మిగతావన్నీ తర్వాత కల్పించుకున్నవని వాదించవచ్చు. జీతం చీటీ లేదని కూలీ సంపాదనను నమ్మని వ్యవస్థే స్కాన్‌లో కనపడలేదని అతడి జబ్బునూ నమ్మడం లేదు. రోజూ పక్కనుండి చూస్తున్న భార్య సాక్ష్యానికి ఆ షీటుకున్నంత బరువైనా ఇవ్వాలి.

సరైన ఫిజియోథెరపీ అందితే ఫంక్షనల్ లక్షణాల నుంచి కోలుకునేవాళ్లు ఉన్నారు గనుక చికిత్స ఖర్చును పరిహారంలో చేర్చాలి. విచారణలో నిపుణుల సాయం తీసుకునే అధికారం మోటారు వాహనాల చట్టం 169వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు ఉంది. హోసూరు రోడ్డులో మెదడు, నరాల జబ్బుల జాతీయ సంస్థ నిమ్హాన్స్ ఉన్న ఈ నగరంలో స్కాన్ నార్మల్‌గా ఉన్న ప్రతి తల గాయం కేసులోనూ, నటన అన్న వాదనను వినడానికి ముందే న్యూరాలజిస్టును పిలిపించాలి.